అఫర్డ్ అంటే ఏంది? మా నాయనమ్మ దగ్గర దొరికిన అర్థం

సిద్దిపేట నుంచి మీ అన్న మళ్లీ వచ్చిండు. ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. ఒక సాయంత్రం కోమటి చెరువు కట్ట మీద నడుస్తుంటే డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఆపిండు. "అన్నా, ఇంటర్వ్యూల 'ఐ అఫర్డ్ ఎ బైక్' అన్న. ఆమె నవ్వింది. ఏం తప్పు?" అని అడిగిండు. ముప్పై సెకన్ల షార్ట్‌తో అయిపోతది అనుకున్న. కూర్చుని తవ్వితే రెండు వారాలు పట్టింది. ఈ మాట నా లైఫ్‌లో కూడా ఒక రోజు గట్టిగానే తగిలింది, అది చివర్లో చెప్త.

ముందు తమ్ముడి డౌట్ తీర్చేద్దాం. అఫర్డ్ అనే క్రియ డబ్బు అర్థంలో ఒంటరిగా తిరగదు. పక్కన క్యాన్, కుడ్, ఏబుల్ టు లాంటి తోడు ఉండాల్సిందే. "ఐ క్యాన్ అఫర్డ్ ఎ బైక్" కరెక్ట్. "ఐ కాంట్ అఫర్డ్ టు బై ఎ బైక్" కూడా కరెక్ట్. "ఐ అఫర్డ్ ఎ బైక్" అంటే మాత్రం తెల్లోళ్ల చెవికి సగంలో ఆగిన వాక్యం లాగ ఉంటది. గ్రామర్ పని ఇంతే, అయిపోయింది.

అర్థం దగ్గరే అసలు మజా. మనకు బడిలో అఫర్డ్ అంటే "భరించగలుగు" అని రాయించిన్రు. సరే, ఇప్పుడు మొబైల్ షాపుకు పోయి "నేను ఈ ఫోన్ భరించలేను" అనుండ్రి. ఫోన్ ఏదో సతాయిస్తున్నదని ఆయన సర్వీస్ సెంటర్ అడ్రస్ చెప్తడు. డిక్షనరీ అర్థం తప్పు కాదు, కానీ మన నోట్లో ఆ మాట అట్ల తిరగదు.

ఇక ఈ మాట ఎక్కడ పుట్టింది? వెయ్యేండ్ల కిందటి పాత ఇంగ్లీష్‌లో "గెఫోర్ద్యన్" అని ఒక క్రియ ఉండేది. రాసుడు "గె"తో, పలుకుడు దాదాపు "యె"తో. దాని లోపల ఉన్నది "ఫోర్త్", అంటే ముందుకు. ఒక పనిని ముందుకు తీసుకుపోవుడు, నెరవేర్చుడు, అదీ మొదటి అర్థం. అందులో పైసల వాసన లేదు. తర్వాత "పనిని ఎట్లనో ఒకట్ల నెగ్గించుకొచ్చుడు" అయింది. నెగ్గించాలంటే చేతిలో ఏదో ఉండాలి కదా, అట్ల మధ్యయుగం చివరికి వచ్చేసరికి డబ్బు వచ్చి దాంట్లో కూర్చున్నది. మధ్యలో "థ" పోయి "డ" వచ్చింది. మర్థర్ మర్డర్ అయినట్టు, బర్థెన్ బర్డెన్ అయినట్టు. స్పెల్లింగ్‌లో రెండు ఎఫ్‌లు ఎందుకంటే, లాటిన్ నుంచి వచ్చిన అఫెక్ట్, అఫర్మ్ లాంటి మాటలను చూసి దీన్ని కూడా వాటి చుట్టం అనుకున్నరు. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడితే జీవితాంతం మోసినట్టు, పాపం ఇంగ్లీషోళ్లు ఇప్పటికీ ఆ రెండో ఎఫ్ మోస్తున్నరు.

దీనికి ఇంకో అర్థం ఉన్నది, "ఇచ్చు, కలిగించు" అని. "ది హిల్ అఫర్డ్స్ ఎ గుడ్ వ్యూ" అంటే గుట్ట మీది నుంచి ఊరు మంచిగ కనిపిస్తదని. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది బాగా తెలిసిన మాటకు తల్లి: అఫర్డెన్స్. జేమ్స్ గిబ్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటను తయారు చేసిండు, 1979 నాటి ఆయన పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పిండు. ఒక వస్తువు మనకు ఏ పనికి వీలిస్తదో అది దాని అఫర్డెన్స్. కుర్చీ కూర్చోవడానికి వీలిస్తది, దర్వాజ తల తగలడానికి కూడా వీలిస్తది, మా పాత ఇంట్లో అయితే మరీ. 1988లో డాన్ నార్మన్ ఈ ఐడియాను డిజైన్‌లోకి తెచ్చిండు. మీ ఫోన్‌లో బటన్‌ను చూడగానే నొక్కాలనిపిస్తది కదా, ఆ చర్చలన్నిటి వెనక ఈ మాట ఉన్నది. నాలుగేండ్లు ఆఫీసులో రోజుకు పదిసార్లు అఫర్డెన్స్ అన్న. అఫర్డ్ గురించి మాత్రం ఒక్కసారి ఆలోచించలే.

నన్ను ఆపేసింది మాత్రం వేరే విషయం. 1755లో శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీష్ డిక్షనరీ అచ్చేసిండు. అందులో అఫర్డ్‌కు ఖర్చు తట్టుకోవడమే కాదు, ఫలానా ధరకు అమ్మగలగడం అనే అర్థం కూడా ఉన్నది. కొనేటోడి మాట కాదది, అమ్మేటోడి మాట! "ఈ సరుకు నేను ఇంత తక్కువకు ఇయ్యగలుగుత" అని. ఇప్పటి ఇంగ్లీష్‌లో ఆ వాడుక దాదాపు పోయింది. మనకు మాత్రం దానికి నిఖార్సయిన మాట ఉన్నది: గిట్టుబాటు. వడ్ల కల్లం కాడ, కూరగాయల అంగట్ల, "ఆ రేటుకు నాకు గిట్టది" అంటరు చూడు, అదే.

మా సిద్దిపేటల గిట్టుబాటు అనంగనే యాదికొచ్చేది గొల్లభామ చీర. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లామె బొమ్మ, అద్దింది కాదు, ప్రింట్ కొట్టింది కాదు, మగ్గం మీద పోగు పోగుకు లెక్కపెట్టి నేసేది. జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ బొమ్మలు ఎన్ని ఎక్కువుంటే అన్ని ఎక్కువ రోజులు మగ్గం మీద కూర్చోవాలి. అదే బొమ్మ పవర్‌లూమ్ మీదనో ప్రింట్‌లోనో చవుకగ వస్తే నేతన్నకు రెండు దిక్కులా దెబ్బ. తక్కువకు అమ్మితే గిట్టది. గిట్టే ధర చెప్తే కొనేటోళ్లకు అందది. జాన్సన్ డిక్షనరీలోని రెండు అర్థాలు ఒకే గుంట మగ్గంలో కూర్చున్నయన్నట్టు.

మరి కొనేటోడి వైపు మనం ఏమంటం? స్తోమత అంటం, అది పెండ్లి సంబంధాల మాట, "వాళ్లకు స్తోమత ఉన్నది" అని. తాహతు అంటం, అది ఉర్దూ దారిలో వచ్చింది. ఇంట్లో అయితే ఇవేవీ అనం. "మనతోని కాదు బిడ్డా" అంటం. మా నాయనమ్మ దగ్గర ఇంకో మాట ఉన్నది: ఎల్లుడు. "పైసలు ఎల్లయి." "ఆ జీతం ఇంటికి ఎల్లది." వెళ్లుడు అంటే సాగుడు, ముందుకు పోవుడు. కాలం వెళ్లదీసుడు, ఇల్లు వెళ్లదీసుడు, అన్నీ ఒకే గూటివి. ఇప్పుడు పాత ఇంగ్లీష్ మాటను మళ్లీ చూడుండ్రి, ఫోర్త్, ముందుకు. ఈ రెండు భాషలకు చుట్టరికం లేదు, ఒకదాన్ని చూసి ఒకటి పెట్టుకోలే. కానీ పైసలు సరిపోవుడు అంటే బతుకు బండి ముందుకు కదులుడే అని ఇద్దరికీ తోచింది. నాకు ఇది దొరికిన రోజు రాత్రి నిద్ర పట్టలే, నిజంగ.

నాయనమ్మ లెక్కలో ఎల్లుడుకు కొలత బియ్యం. వాళ్ల చిన్నప్పుడు మెట్ట ఊరు, జొన్న గట్క, మక్క గట్క. వరి బువ్వ అంటే పండుగకో, చుట్టం వస్తెనో. "బియ్యం ఎక్కడ ఎల్లుతయి?" అనేదట వాళ్లమ్మ. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయినంక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినయి. అసలు ఎన్నికల ముందు ఆయన రెండు రూపాయలు అంటే, అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే ఇస్తం అన్నది. ఓటు వేలంపాట కిలో బియ్యం మీద నడిచింది! కూలి మారలే, పొలం మారలే, రేటు మారింది, పేదింటి కుండలోకి రోజూ బియ్యం వచ్చినయి. వెంటనే ఇంకో ప్రశ్న మొదలైంది, ఖజానా దీన్ని భరించగలదా అని. చూసిన్రా, "కెన్ ది స్టేట్ అఫర్డ్ ఇట్?" నలభై ఏండ్లుగ అదే పంచాయితీ. 1996లో ఆ రెండు రూపాయలు మూడున్నర అయినయి. 2008లో మళ్లీ రెండుకు దిగినయి, 2011లో రూపాయికి. 2023 నుంచి ఉచితం. 2025 ఉగాది నాడు తెలంగాణలో రేషన్‌కు సన్నబియ్యం మొదలైంది. నాకైతే ఇది దుబారా అనిపించది. గట్క తిన్న మనిషి ఇంట్లో పుట్టినోణ్ని, నా మాట కొంచెం పక్షపాతమే అనుకోండి, పర్లేదు.

ఇప్పుడు ఇంకో విచిత్రం. రంగనాయక సాగర్ నీళ్లొచ్చినంక మా దిక్కు ఎటు చూసినా వరే. జొన్న రొట్టె మాత్రం రోడ్డు పక్కన స్పెషల్ ఐటెం. షుగర్ ఉన్నోళ్లు, జిమ్‌కు పోయేటోళ్లు కార్లు ఆపి కొనుక్కపోతున్నరు. నాయనమ్మ ఆ రేటు విని, "జొన్న రొట్టెకు గన్ని పైసలా, మాతోని కాదు" అన్నది.

సరే, చివర్లో చెప్త అన్న కదా. రెండేండ్ల కింద ఒక మంగళవారం, హైదరాబాద్‌లో రూమ్‌లో ఉన్న. పదిహేను నిమిషాల వీడియో కాల్. "వుయ్ కెనాట్ అఫర్డ్ టు క్యారీ దిస్ టీమ్" అన్నరు. నేను కెమెరా ఆన్‌లో నవ్వుకుంట తలూపిన. అదే మూడు నెలల్లో కంపెనీకి లాభమే వచ్చిందని తర్వాత చదివిన. అప్పుడు కోపం వచ్చింది, అబద్ధం చెప్పిన్రని. ఇప్పుడు గ్రామర్ తెలిసినంక తెలుస్తున్నది. "కాంట్ అఫర్డ్" పక్కన "టు" వచ్చి క్రియ వస్తే పైసలు లేవనే అర్థం ఉండాలని లేదు. "వుయ్ కాంట్ అఫర్డ్ టు లూజ్ దిస్ మ్యాచ్" అంటే టికెట్ పైసలు లేవని కాదు కదా, ఓడితే మనకు మంచిది కాదని. వాళ్లు చెప్పింది కూడా అదే, మమ్మల్ని ఉంచుకోవడం వాళ్లకు లాభం కాదని. అది ఒక నిర్ణయం. చెప్పేటప్పుడు మాత్రం చేతిలో చిల్లర లేనట్టు చెప్పిన్రు. మీరు ఎవరి నోటి నుంచైనా ఈ మాట వింటే, లేక కాదంటున్నరా, వద్దనుకుని కాదంటున్నరా, ఒక్క సెకన్ ఆగి చూడుండ్రి.

ఆ వారమే బ్యాగు సర్దుకుని సిద్దిపేటకు వచ్చిన. అమ్మకు మూడు రోజులు చెప్పలే. నాలుగో రోజు నాయనమ్మే అడిగింది, "ఏం బిడ్డా, ఆఫీసుకు పోవా?" అని. ఉద్యోగం పోయిందని, వీడియోలు చేద్దాం అనుకుంటున్నని చెప్పిన. వీడియోలంటే ఏందో, వాటికి పైసలు ఎట్ల వస్తయో ఆమె అడగలే. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడిగింది.

"ఎల్లుతదా?"

తెల్వది నాయనమ్మా, చూద్దాం అన్న.