ఒడిస్సియస్ భుజాన తెడ్డు

శుక్రవారం సాయంత్రం వచ్చిందంటే దోహాలో మనవాళ్ళలో కొందరు మాల్స్‌కి, కొందరు బిర్యానీ హోటళ్ళకి, కొందరు ఎవరో ఒకరి ఫ్లాటుకి చేరతారు. నేను మాత్రం వీలైనప్పుడల్లా కతారా సాంస్కృతిక గ్రామానికి వెళ్ళి, అక్కడి ఆరుబయలు రంగస్థలం మెట్ల మీద కూర్చుంటాను. ఎదురుగా సముద్రం. ఖర్చు లేని కాలక్షేపం.

మొన్న చలికాలంలో జగిత్యాల వైపు తమ్ముడొకడు నాతో వచ్చాడు. ఇక్కడ పదకొండేళ్ళుగా డ్రైవరు. మెట్లన్నీ పరకాయించి చూసి, "గీది ఎవలు కట్టిండ్రన్నా? అరబ్బుల తీరు లేదు" అన్నాడు.

నిజమే. 2010లో ప్రారంభమైన కతారాలో ఈ రంగస్థలాన్ని గ్రీకు నాటకశాల నమూనాలో, ఇస్లామీయ అలంకారాలు జోడించి కట్టారు. కతారా అన్న పేరూ గ్రీకుల ద్వారా వచ్చిందే. క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ రాసిన భూగోళశాస్త్రం ఆధారంగా గీసిన పటాల్లో ఈ ప్రాంతానికి ఉన్న పాతపేరు అది. "గ్రీకోళ్ళకు ఈడేం పనన్నా?" అన్నాడు తమ్ముడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పబోయి చాలా దూరం వెళ్ళిపోయాను. అదే ఇక్కడ మీతో పంచుకుంటున్నాను.

అలెగ్జాండర్ మన బియాస్ నది దాకా వచ్చి వెనుదిరిగినప్పుడు, క్రీ.పూ. 325లో నియార్కస్ అనే సేనాని ఓడల్ని పర్షియా తీరం వెంబడి ఈ గల్ఫ్‌లోకి నడిపించాడు. తర్వాత ఆండ్రోస్తనీస్ అనే నావికుడు అరేబియా తీరాన్ని చూసి, ఇక్కడి ముత్యాల గురించి రాశాడు. ఈనాటి కువైట్‌కి చెందిన ఫైలకా ద్వీపానికి అలెగ్జాండర్ తమ ఏజియన్ సముద్రంలోని ఇకారోస్ దీవి పేరు పెట్టమన్నాడని చరిత్రకారుడు ఏరియన్ రాశాడు. అక్కడ గ్రీకు శాసనాలు కూడా దొరికాయి. పరాయి గడ్డ మీద సొంతూరి పేరు పెట్టుకోవడం మన ఒక్కరికే ఉన్న జబ్బు కాదన్నమాట!

ఆ నావికులకి హోమర్ కావ్యాలు మనకి రామాయణ భారతాల్లాంటివి. అయితే హోమర్ అరబ్బులకి చేరడానికి మాత్రం చాలాకాలం పట్టింది. బాగ్దాద్ పండితులు అరిస్టాటిల్‌నీ, గాలెన్‌నీ అరబ్బీలోకి తెచ్చుకున్నారు. 873లో కన్నుమూసిన మహా అనువాదకుడు హునైన్ ఇబ్న్ ఇషాక్, గ్రీకు నేర్చుకుని వచ్చి హోమర్ పద్యాలు వల్లెవేస్తూ తిరిగేవాడని ఒక కథనం ఉంది. అయినా ఇలియడ్ మొత్తం అరబ్బీ పద్యాల్లో రావడానికి 1904 దాకా ఆగాల్సి వచ్చింది. లెబనాన్‌కి చెందిన సులైమాన్ అల్ బుస్తానీ ఏళ్ళ తరబడి కష్టపడి, పెద్ద పీఠికతో దాన్ని కైరోలో అచ్చువేయించాడు. మరి సింద్‌బాద్ మూడో ప్రయాణంలో, మనుషుల్ని తినే రాక్షసుడి కళ్ళలో కాల్చిన ఇనుప చువ్వలు పొడిచి తప్పించుకునే కథ చదివితే, ఒడిస్సియస్ ఒంటికన్ను రాక్షసుణ్ణి గుడ్డివాణ్ణి చేసిన కథ గుర్తుకు రాకమానదు. పుస్తకాలకి అనువాదకులు కావాలి గానీ, కథలకి ఓడ చాలు.

ఖతర్ గడ్డకి కూడా ఒడిస్సీ లాంటి అనుభవం ఉంది. చమురు రాకముందు ఇక్కడి మగవాళ్ళు ఎండాకాలం నాలుగు నెలలు ముత్యాల వేటకి సముద్రం మీదే ఉండేవారు. పడవలో పాట పాడేందుకు 'నహ్హామ్' అని ఒక గాయకుడు ఉండేవాడు. అప్పుచేసి వెళ్ళడం, వేట సరిగ్గా లేకపోతే ఆ అప్పు మరుసటి ఏటికి పెరగడం మామూలే. ఒడ్డున ఆడవాళ్ళు ఎదురు చూసేవారు. జపాన్ పెంపుడు ముత్యాలూ, 1929 తర్వాతి ఆర్థిక మాంద్యమూ కలిసి ఆ జీవితాన్ని ముగించాయి. 1939లో దుఖాన్‌లో చమురు బావి తవ్వకం ఫలించింది, 1949లో ఎగుమతి మొదలైంది. అప్పుచేసి వెళ్ళేవాళ్ళూ, ఒడ్డున ఎదురుచూసేవాళ్ళూ మాత్రం మిగిలారు. ఈసారి ఆ ఒడ్డు కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఉంది.

ఒడిస్సీ చదివినవాళ్ళకి రాక్షసులూ, మాయావినులూ బాగా గుర్తుంటారు. నాకు గుర్తుండేది మాత్రం కాలిప్సో దీవి. అక్కడ ఒడిస్సియస్‌కి తిండికి, సుఖానికి లోటు లేదు. ఉండిపోతే చావులేకుండా చేస్తానంది కూడా. అయినా ఏడేళ్ళపాటు రోజూ ఒడ్డున కూర్చుని ఇంటివైపు చూస్తూ ఏడ్చాడు. పోదామంటే ఓడ లేదు. 2018 చట్టం వచ్చేదాకా ఇక్కడ మనవాళ్ళు ఊరెళ్ళాలంటే యజమాని సంతకంతో ఎగ్జిట్ పర్మిట్ కావాలి. ఆ రోజుల్లో కార్నిష్ రాళ్ళ మీద కూర్చున్న మనుషుల్ని చూసినవాడికి, హోమర్ ఆ ఘట్టాన్ని ఎవరికోసం రాశాడో విడిగా చెప్పక్కర్లేదు.

ఇక నా సంగతి. నేను 1997లో వచ్చేనాటికి మా అమ్మాయికి ఎనిమిది నెలలు. జీతం చాలక కుటుంబ వీసా దొరకలేదు. రెండున్నరేళ్ళకి సెలవు మీద ఇంటికెళితే, అది వాళ్ళమ్మ చీర వెనక దాక్కుంది. ఆ రాత్రి నేను నిద్రపోయాననుకుని, "అమ్మా, ఈయన ఎప్పుడు వెళ్ళిపోతాడు?" అని అడిగింది. ఒడిస్సియస్ వెళ్ళేనాటికి కొడుకు టెలిమాకస్ పసివాడు. ఇరవై ఏళ్ళకి తిరిగొచ్చి నేనే మీ నాన్ననంటే, ఆ కుర్రాడు నమ్మడు; ఎవరో దేవుడు తనని మాయచేస్తున్నాడనుకుంటాడు. ఆ ఘట్టం నేను చదివింది చాలా ఆలస్యంగా. ముందే చదివుంటే ఆ రాత్రి కాస్త ధైర్యంగా ఉండేదేమో.

భార్య సంగతీ అంతే. పెనెలొపీ కూడా భర్తని వెంటనే ఒప్పుకోదు. మంచం బయట వేయించమని దాసికి చెబుతుంది. వేరుతో ఉన్న ఆలివ్ చెట్టునే కోడుగా మలిచి ఆ మంచం చేసిన ఒడిస్సియస్, దాన్నెవరు కదిలించారని మండిపడతాడు. ఆ రహస్యం తెలిసినవాడు భర్తే! సుందరకాండలో సీతమ్మ హనుమంతుడికి ఆనవాలుగా కాకాసురుడి కథ చెప్పడం ఇలాంటిదే. మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఉంది. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, లక్ష్మణుడు వచ్చి లేపితే పరాయి మగవాడనుకుని భయపడుతుంది, నిలదీస్తుంది. వాల్మీకి చెప్పని ఈ మాట మన అమ్మమ్మలు చెప్పారు. వెళ్ళినవాడి కష్టం మహాకావ్యమైంది. ఉన్నావిడ కష్టం వంటింటి పాటగా మిగిలింది. 2005లో మార్గరెట్ ఆట్‌వుడ్ పెనెలొపీ చేతే కథ చెప్పించిన నవల వచ్చినప్పుడు ప్రపంచం మెచ్చుకుంది. మన పాట ఆ పని ఎప్పుడో చేసింది.

తరవాతి కవులు ఈ తిరుగు ప్రయాణాన్ని తలోరకంగా చూశారు. డాంటే ఒడిస్సియస్‌ని అసలు ఇంటికే పంపలేదు. కొత్త లోకాలు చూడాలన్న ఆశతో సముద్రంలో మునిగిపోయాడన్నాడు. అలెగ్జాండ్రియాలో పుట్టి అక్కడే పోయిన ప్రవాస గ్రీకు కవి కవాఫీ 1911లో, చేరే ఊరికన్నా దారే మనకి సంపద అన్న భావంతో కవిత రాశాడు. పెద్ద మాటే. కానీ ప్రతి దారీ సంపద కాదని ఇక్కడి లేబర్ క్యాంపులు చూసినవాళ్ళకి తెలుసు.

చాలామంది మరిచిపోయే మాటొకటి హోమరే చెప్పాడు. ఇల్లు చేరిన రాత్రే ఒడిస్సియస్ భార్యకి ఇంకో ప్రయాణం ఉందని చెబుతాడు. భుజాన తెడ్డు వేసుకుని, సముద్రం ఎరగని మనుషుల ఊరిదాకా నడవాలి. దాన్ని చూసి ఎవడైనా తూర్పారబట్టే చేట అనుకున్నచోట దాన్ని పాతేసి, సముద్ర దేవుడికి మొక్కు తీర్చి ఇంటికి రావాలి. అప్పుడే శాంతి. నలభై అయిదు రోజుల సెలవు మీద వెళ్ళి, మొదటి రాత్రే తిరుగు టికెట్ తేదీ చెప్పినవాళ్ళకి ఆ ఘట్టం వివరించక్కర్లేదు.

అంతా విని మా తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "గా ఊరు మాదేనన్నా. మా నాయిన సముద్రం సూడనే లేదు. మా దిక్కు తెడ్డంటే అంబలి కలిపేదే" అన్నాడు.

"మరి ఎప్పుడు పాతేస్తావు?" అని అడిగాను.

"బిడ్డ పెండ్లి అప్పు తీరనీ" అన్నాడు. చీకటి పడుతోంది, లేచాం.