జానెడు సందు

ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీద యాచారం వైపు పోతుంటే పాత కోళ్ల షెడ్లు కనిపిస్తాయి. ఎండ నేరుగా పడకుండా తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టినవి. ఇప్పుడు కొన్నింటికి రేకుల్లేవు, కొన్నింటికి జాలీ లేదు.

కార్తీకం వచ్చిందంటే ఒకప్పుడు వీటిలో ఊపిరి సలపని పని. ఊరి బయట చలి పట్నం చలి కంటే గట్టిది. అది దిగకముందే గోనె సంచులు విప్పి, కలిపి కుట్టి, పరదాలు కట్టాలి. నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఊక పరవాలి. దిగిన రోజు కోడిపిల్లలకు బ్రూడర్ కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించాలి. కరెంటు పోతే బొగ్గుల కుంపటే దిక్కు. వేడి చాలలేదా, పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అడుగువి ఊపిరాడక చస్తాయి. అందుకే నడిరాత్రి టార్చిలైటు పట్టుకుని షెడ్డంతా తిరిగేవాళ్లు. అలాగని పరదా పూర్తిగా బిగిస్తే రెట్టల ఘాటు లోపలే నిలిచి కోళ్ల కళ్లు మండుతాయి, గాలి చాలక పొట్టలో నీరు చేరుతుంది. "పైన జానెడు సందు ఇడిసినవా బిడ్డా?" అని తండ్రి అరుగు మీంచే కేకేసేవాడు. ఆ కొలత ఏ బడిలోనూ నేర్పింది కాదు.

ఇబ్రహీం కుతుబ్ షా కాలపు పెద్ద చెరువు ఏళ్ల తరబడి ఎండి, బోర్లు అడుగంటిన నేలలో ఈ షెడ్లే అన్నం పెట్టాయి. గుడ్డు ధర రైతే చెప్పాలని కోళ్ల పరిశ్రమ పెద్ద బి.వి. రావు పూనుకోగా 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) పుట్టింది. ఆ ధైర్యంతోనే కొద్దిపాటి మెట్ట ఉన్నవాడూ అప్పు చేసి షెడ్డు వేశాడు.

చలికి వాళ్లు ఓడలేదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడితే, జబ్బు లేని ఊళ్లలోనూ కోడిని కొనేవాడు కరువయ్యాడు. 2020లో కోడికూరతో కరోనా వస్తుందన్న పుకారు లేచింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. నెల తిరక్కుండానే లాక్‌డౌన్. మరుసటి ఏడు దాణాలో కలిపే సోయా ధర ఎంత మండిందంటే, ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల సోయా పిండి దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఖర్చులో సగానికి పైగా దాణాదే అయినప్పుడు చిన్న రైతు ఎన్ని బ్యాచులు నష్టానికి పెంచగలడు?

కొందరు కంపెనీల ఇంటిగ్రేషన్‌లోకి వెళ్లారు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. రైతుకు పెంపకం కూలి. పరదా దించడం, రాత్రి లేవడం మాత్రం మునుపటిలాగే అతని వంతు. ఇంకొందరి పొలాల్లో వెంచర్ల రాళ్లు పాతారు. అమ్మినవాళ్లను నేను తప్పుపట్టను. వడ్డీ ఆగదు, బ్యాంకుకు పుకార్లతో పనిలేదు. బాకీ కట్టాక మిగిలిన దానితో కూతురి పెళ్లి చేసినవాళ్లున్నారు, ఆ పాటి కూడా మిగలనివాళ్లూ ఉన్నారు.