ఉన్నత పాఠశాలల్లో పర్యవేక్షణ

తరగతి గదిలో బోధన ఎలా సాగుతోందో బడిలోని వారే, ముఖ్యంగా ప్రధానోపాధ్యాయులు, చూసి సరిదిద్దుకోవడాన్ని పాఠశాల స్థాయి పర్యవేక్షణ అంటారు. తెలుగునాట ఇది బయటివారి తనిఖీ చాటునే పెరిగింది, ఇప్పటికీ దాని నుంచి పూర్తిగా బయటపడలేదు.

తనిఖీకి పునాది 1854 నాటి వుడ్స్ డిస్పాచ్. దాని ఫలితంగా మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఏర్పడి, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు విద్యాశాఖ వేరుగా ఉండేది. ప్రెసిడెన్సీలోని చాలా ఎయిడెడ్ బడుల్లో పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి కొన్నాళ్లు నడిచింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా పిల్లల్ని పరీక్షించేవాడు. ఎందరు గట్టెక్కితే అంత సొమ్ము. ఆ పద్ధతి పోయినా భయం మాత్రం మిగిలింది. తనిఖీ అనగానే నోటు పుస్తకాలు ఆదరాబాదరాగా దిద్దడం, రిజిస్టర్లు సర్దడం తరాల పాటు సాగాయి.

ఈ ధోరణిని సూటిగా తప్పుపట్టింది లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ (1952–53). ఇన్‌స్పెక్టరు సలహాదారుగా మెలగాలనీ, వెంట ముగ్గురు సీనియర్ ఉపాధ్యాయులనో ప్రధానోపాధ్యాయులనో తీసుకెళ్లి రెండు మూడు రోజులు బడిలో గడపాలనీ సూచించింది. కొఠారీ కమిషన్ (1964–66) మరో అడుగు ముందుకేసి పాలననూ పర్యవేక్షణనూ విడదీయమంది. ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల చిన్న బడులను కలిపే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన కూడా దానిదే. 1986 జాతీయ విద్యా విధానం దాన్ని బలపరిచింది. 2015లో వచ్చిన శాలాసిద్ధి కార్యక్రమం, బడి తన స్థాయిని తానే అంచనా వేసుకోవాలంది.

ఆచరణలో హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయులు) పాఠ్య ప్రణాళిక చూసి, వెనక బెంచీలో ఒక పీరియడ్ కూర్చుంటారు. ప్రశ్నలు ముందు వరుసకే పోతున్నాయా, బోర్డు మీది లెక్కను పిల్లలు అర్థం చేసుకుంటున్నారా, లేక ఊరికే చూసి రాసుకుంటున్నారా అన్నది అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. తర్వాత ఉపాధ్యాయుడితో విడిగా మాట్లాడాలి. ఈ మాటామంతీయే పర్యవేక్షణకు ప్రాణం, ముందుగా ఎగిరిపోయేదీ ఇదే. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో వివరాల నమోదు, సమావేశాలు, పదో తరగతి ఫలితాల ఒత్తిడి కలిసి ఆ పీరియడ్‌ను మింగేస్తాయి. చివరికి సూచనల రిజిస్టరులో "బోధన సంతృప్తికరం" అన్న ఒక వాక్యం మిగులుతుంది. దానివల్ల ఏ ఉపాధ్యాయుడికీ మేలు జరగదు.

దీనికి తోడు ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఉమ్మడి సర్వీసు నిబంధనల వివాదం కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. దాంతో మండల విద్యాధికారి పోస్టులు ఖాళీగా ఉండగా, తెలంగాణలో హైస్కూలు హెచ్.ఎం.లే ఇన్‌ఛార్జులుగా ఆ బాధ్యత మోశారు. మండలమంతా తిరగాల్సిన వ్యక్తి సొంత బడిలో పాఠం వినేదెప్పుడు?

సబ్జెక్టు సమస్య మరొకటి. తెలుగు చెప్పి హెచ్.ఎం. అయినవారు భౌతికశాస్త్ర పాఠంలో క్రమశిక్షణను చూడగలరు గానీ, భావనలోని పొరపాటును పట్టలేరు. ఆ లోటును కొంత తీర్చేది సబ్జెక్టు వారీ కాంప్లెక్స్ సమావేశాలే. అక్కడ ఒకరు మాదిరి పాఠం చెబితే, అదే సబ్జెక్టు చెప్పే పొరుగు బడుల వారు విని, ఎక్కడ తడబడ్డారో ముఖాముఖి చెబుతారు. అధికారి ముందు మాట్లాడటానికి జంకే ఉపాధ్యాయులు కూడా తోటివారితో తమ ఇబ్బందిని దాచుకోరు.