అమృతా షేర్‌గిల్: ఒక చిత్రకర్త్రి దక్షిణయాత్ర

వాత్స్యాయనుడు చతుష్షష్టికళలలో నాలేఖ్యమును జేర్చెను. ఆ గ్రంథమునకు జయమంగళావ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమునకు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అను నాఱంగములు చెప్పెను. సంస్కృతపాఠములలో ప్రసంగవశమున నీ యాఱు పేళ్లను విద్యార్థులచే వల్లెవేయించుచు మేము ముప్పదియేండ్లు గడపితిమి. వాని యర్థము మాత్రము మాకు బోధపడినది చాల యాలస్యముగా, ఢిల్లీలోని జయపురభవనమందు, జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో, 'బ్రహ్మచారులు' అను తైలచిత్రము నెదుట.

సత్యము చెప్పవలెనన్న, తొలిచూపున నా పటము మాకు రుచింపలేదు. మా యింట చిత్రమనగా రవివర్మ లక్ష్మియు, రవివర్మ సరస్వతియు. 1894లో బొంబాయిలో స్థాపితమైన యాయన ముద్రణాలయమునుండి వెలువడిన పటములును, వాని ననుకరించిన క్యాలెండరులును మా గోడల నలంకరించియుండెను. ఈ పటమున నగలు లేవు, తళుకు లేదు. చామనచాయ మేనులు, తెల్లని పంచెలు, యజ్ఞోపవీతములు, ఎవరితోను మాటాడని ముఖములు. మేము పెదవి విఱిచి ముందునకు నడువబోవుచుండగా, మాతో యాత్రకు వచ్చిన బాలికలలో నొకతె, "మాస్టారూ, వీరు మన ఊరి వేదపాఠశాల పిల్లలవలె ఉన్నారు గదా!" అనెను. సాదృశ్యమను నంగమును మాకు నేర్పినది యా బాలిక. నాటినుండి యీ చిత్రకర్త్రి చరిత్రమును శ్రద్ధతో నరసితిమి. దానిని మన మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణుల కిచట విన్నవించుచున్నాము.

అమృతా షేర్‌గిల్ 1913వ సంవత్సరము జనవరి 30వ తేదీన హంగేరీ రాజధాని బుడాపెస్టున జన్మించెను. తండ్రి సర్దారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబుదేశపు సిక్కు జమీందారీ వంశీయుడు. సంస్కృత పారసీక భాషలలో పండితుడు. ఛాయాచిత్రములు తీయుటలో మిక్కిలి యాసక్తి గలవాడు. తల్లి హంగేరీదేశపు గాయని. 1921లో వీరు సిమ్లాకు వచ్చిరి. అచట క్రైస్తవసన్యాసినుల పాఠశాలలో చేర్పగా, తనకు దైవమునందు నమ్మకము లేదని బాహాటముగా జెప్పి యా బాలిక బహిష్కృతురాలయ్యెను. ఆస్తికులమగు మాకు నా మాట ప్రియము గాదు. అయినను మనసున లేనిదానిని నోట బలుకకుండుట యామె చిత్రములలోను గానవచ్చు గుణమే.

1929లో తల్లిదండ్రు లామెను పారిసునకు గొనిపోయిరి. అచట లూసియెన్ సిమోను శిష్యురాలై, 1932లో వ్రాసిన 'యువతులు' అను చిత్రమునకు మఱుసటి యేడు స్వర్ణపతకము బడసెను. అంత గౌరవము లభించిన చోటు విడిచి 1934 చివర భారతభూమికి మరలెను. విచిత్రమేమన, తండ్రియే తొలుత నీ రాకకు సుముఖుడు కాలేదు. కుమార్తె స్వేచ్ఛాప్రవర్తనమువలన వంశగౌరవమునకు భంగము కలుగునేమో యని యాయన శంకించెను. అంతటి విద్వాంసుని గృహమందే యీ భీతి యుండగా, మన గృహములమాట చెప్పనేల? మేము పనిచేసిన యొక పాఠశాలలో చిత్రలేఖనపు గంటను బాలికలకు మాత్రము కుట్టుపనిక్రింద మార్చిరి. మేము నా డేమియు మాటాడలేదు.

1935లో సిమ్లా లలితకళాసంఘమువా రామె పంపిన పది చిత్రములలో నైదింటిని త్రిప్పిపంపి, ప్రదర్శించినవానిలో నొకదానికి బహుమాన మొసంగిరి. ఆమె యా బహుమానమును దిరస్కరించెను.

1936 చివర నామె బయలుదేఱిన దక్షిణదేశయాత్రయే యీ చరిత్రమునకు ప్రాణము. అజంతా గుహలలో చీకటినుండి మెల్లగా వెలికివచ్చు నా మూర్తుల నామె చూచెను. అచట దేహపు గుండ్రదనము నెలుగునీడలకంటె నెక్కువగా రేఖయే తెలుపును; దుఃఖము కన్నీటిచే గాక, వంగిన మెడచే దెలియును. కొచ్చిలో మట్టాంచేరి రాజమందిరపు గోడలపై రామాయణచిత్రములను జూచి, వాని యెదుట గూర్చుండి రేఖాలేఖనము లొనర్చెను. కన్యాకుమారియొద్ద తెల్లని వస్త్రములు దాల్చి నడుచు నల్లని జనుల సౌందర్య మామె మనసున నాటెను.

నడుమ హైదరాబాదు. అచట నవాబు సాలార్‌జంగు ఆమె చిత్రములను గొనుట కంగీకరింపలేదు. గడియారములు, పాలరాతి ప్రతిమలు, ఐరోపా తైలచిత్రములు లెక్కకు మించి కూర్చిన సంపన్నుడాయన; ఆ వస్తుజాతమును మూసీనది యొడ్డున జూచి మనము నేటికి నచ్చెరువందుచున్నాము. మైసూరు మహారాజును ఈమె చిత్రములకంటె రవివర్మ చిత్రములనే మెచ్చెను. వీరిని నిందించు నధికారము మాకు లేదు. జయపురభవనమున మేమును పెదవి విఱిచినవారమే గదా.

అమ్ముడుపోని చిత్రములతో మరలిన యామె 1937లోనే మూడు పటములు వ్రాసెను: 'పెండ్లికూతురు అలంకారము', 'బ్రహ్మచారులు', 'సంతకు బోవు దక్షిణదేశపు గ్రామీణులు'. పారిసులో నేర్చిన తైలవర్ణములును, అజంతాలో నేర్చిన రేఖానియమమును వీనియం దేకీభవించినవి. అలంకారము పేరుగల పటమునందు సయితము పెండ్లికూతురి మొగమున సంతోషము లేకుండుట గమనింపదగినది. భావమనగా నిదియే కాబోలు. ఆ యేటనే బొంబాయి కళాసంఘము 'ముగ్గురు బాలికలు' అను నామె పూర్వచిత్రమునకు స్వర్ణపతక మిచ్చెను. నవంబరులో లాహోరున నామె ప్రదర్శనము జరిగెను.

1938లో తల్లివైపు బంధువగు విక్టర్ ఎగాన్ అను వైద్యుని వివాహమాడి, గోరఖ్‌పురము చెంత సరాయాలో పినతండ్రిగారి జమీందారీలో గాపురముండెను. స్త్రీలు మంచముపై నొఱగుటయు, ఉయ్యాల లూగుటయు, ప్రొద్దుపుచ్చుటకు దారి గానక కూర్చుండుటయు నచటి చిత్రములలో వస్తువులైనవి.

1941 సెప్టెంబరులో దంపతులు లాహోరు చేరిరి. డిసెంబరు 5వ తేదీ రాత్రి, కొలదిదినముల యస్వస్థతతో నామె మరణించెను. వయస్సు ఇరువదియెనిమిది. ఆ దినములలోనే బ్రిటను హంగేరీపై యుద్ధము ప్రకటించుటచే, భర్త శత్రుదేశీయుడని నిర్బంధింపబడెను. ఆమె యస్థిక రావీతీరమున దహనమయ్యెను.

ఆమె చిత్రములిపుడు జాతీయకళానిధులు. 1972వ సంవత్సరపు శాసనము ననుసరించి దేశము దాటిపోరాదు. 1937లో వ్రాసిన 'కథకుడు' 2023 సెప్టెంబరులో 61.8 కోట్ల రూప్యములకు వేలమున నమ్ముడుపోయెను. హైదరాబాదునుండి రిక్తహస్తములతో మరలిన యేటి చిత్రమది.

లాహోరున నేర్పాటు చేసికొన్న ప్రదర్శనము మరణానంతరము డిసెంబరులోనే జరిగెను. తమ మేడపైనుండి కనబడు నిండ్లను, గేదెలను జూచి వ్రాయుచుండిన చివరి పటము సగములో నిలిచిపోయినది.