నేత్రచలన చికిత్స: శోకోపశమనము

ఆప్తవియోగశోకము కాలక్రమమున శమింపక, మరణకాలపు దృశ్యమొక్కటియే మాటిమాటికి మనస్సును పీడించుచుండువారికి చేయబడు మానసిక చికిత్సలలో, ఇ.ఎం.డి.ఆర్. అను పేర ప్రసిద్ధమైన నేత్రచలన పద్ధతి యొకటి. అమెరికా మనస్తత్త్వవేత్త ఫ్రాన్సీన్ షపీరో దీనిని 1987లో రూపొందింప నారంభించి, 1989లో తొలి పరిశోధనమును ప్రకటించెను.

చికిత్సకు ఎనిమిది దశలు. వానిలో ముఖ్యమైన దశయందు, చికిత్సకుడు ఎదుట కూర్చుండి రెండు వ్రేళ్లను కుడియెడమలకు కదల్చుచుండగా, శోకార్తుడు ఆసుపత్రి మంచముపై కన్నుమూసిన తల్లి ముఖమునో, అర్ధరాత్రి మ్రోగిన టెలిఫోనునో స్మరించుచు, తల కదల్పక చూపుతో మాత్రమే ఆ వ్రేళ్లను వెంబడించును. సుమారు అరనిమిషమునకొకమారు ఆగి, మదిలో తోచినది తెలుపును. బాధ యెంతటిదో 0 నుండి 10 వరకు అంకెతో సూచించును.

మృతుని మరపించుట దీని యుద్దేశము కాదు, కారాదు కూడ. అంత్యక్షణముల భీతి సడలినచో, దానిచాటున మరుగుపడిన మధురస్మృతులు మరల అందుబాటులోనికి వచ్చుననియే ఆశయము. స్మరణము, నేత్రచలనము ఏకకాలమున ధారణాశక్తిని పంచుకొనుటచే స్మృతి తీక్ష్ణత తగ్గునని కొందరి సిద్ధాంతము. కన్నుల కదలికయే ఫలహేతువా యనునది వివాదాస్పదము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2013లో దీనిని ఆఘాతానంతర మనోవ్యాధికి సిఫారసు చేసినది. కేవల శోకమునకు సంబంధించిన నిదర్శనములు అంత విస్తృతములు కావు.