మ్యాచింగ్ విరాళం

మ్యాచింగ్ విరాళం అనగా ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానమైన మొత్తాన్ని యజమాని సంస్థ కూడా జోడించి ఇచ్చే పద్ధతి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఫౌండేషన్, ఉద్యోగులు తాము చదివిన కళాశాలలకు ఇచ్చే విరాళాల కొరకు 1954లో దీనిని ప్రారంభించినది.

భారతదేశంలో ఇందులో ఒక నైతికమైన చిక్కు ఉన్నది. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించాలి. 2021 నుండి మిగులు సొమ్మును చట్టం సూచించిన నిధికో, ప్రత్యేక ఖాతాకో జమచేయడం తప్పనిసరి. శాస్త్ర పరిశోధన జరిపే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, జాతీయ సంస్థలకు ఇచ్చే విరాళాలు కూడా ఈ ఖర్చు క్రిందికి వస్తాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని పక్కనే తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ ఇటువంటివే.

ఉదాహరణకు, ఉస్మానియా పూర్వ విద్యార్థి ఒకరు అక్కడి పరిశోధనకు రూ.10,000 ఇచ్చారనుకుందాం. కంపెనీ జోడించే రూ.10,000 ఆ 2 శాతం లోనిదే అయితే, అది ఎలాగూ ఖర్చు కావలసిన సొమ్మే. ఆ ఉద్యోగి మార్చినది సొమ్ము చేరే చోటును మాత్రమే. అది మరెక్కడో ఒక పల్లె బడికి అందవలసినదై ఉండవచ్చు. "మీ విరాళం రెట్టింపు" అనే మాట అప్పుడు సగమే నిజం. 2 శాతానికి మించి ఇచ్చినపుడు ఈ ఆక్షేపణ నిలువదు. దాతల పేర్లను కార్యాలయంలో ప్రకటించడం వేరొక సమస్య. తక్కువ జీతగాడికి అది విరాళం కాదు, మొహమాటపు చందా.