ఒక్క కాపీ, ఐదు చిరునామాలు

పోస్టుమాన్ బండి దిగలేదు. గేటు మీంచి ప్యాకెట్ అందిస్తూ "అమ్మా, పుస్తకం" అన్నాడు. విప్పకుండా ఆ మాట చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. ఖాకీ కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో 'జ్ఞాన్ పోస్ట్' అని బండ అక్షరాలున్నాయి. మూడొందల గ్రాముల లోపు బరువు, ఇరవై రూపాయలు, ఖరగ్‌పూర్ ముద్ర.

వరండాలో అత్తయ్య కొత్త చింతపండు కుప్ప పోసుకుని పిక్కలు తీస్తోంది. "ఎవరు పంపారు?" అంది తలెత్తకుండా.

"ఖరగ్‌పూర్ అక్కయ్య."

"మనకి ఖరగ్‌పూర్‌లో ఎవరున్నారు?"

ఎవరూ లేరు. అక్కయ్యని నేను చూడలేదు. ఆవిడకి పంపిన భివండి తమ్ముణ్ణి ఆవిడా చూడలేదు. అతనికి పంపిన హనుమకొండ మాస్టారు మాత్రం అతనికి డిగ్రీలో ఇంగ్లిషు చెప్పారు. నా తర్వాత అందుకోవలసిన మనిషి మలేసియాలో, పేరాక్ రాష్ట్రంలో, బాగన్ దతోక్‌లో ఉండే పంతులమ్మ. ముత్తాతలు కొబ్బరితోటల్లో పనికని ఓడెక్కిన తెలుగువాళ్ళు. ఉన్నది ఒక్క కాపీ, చిరునామాలు ఐదు. తెనాలిలో నాది నాలుగోది.

టేపు కోసి కాగితం విప్పితే లోపల బెంగాలీ దినపత్రిక చుట్ట, దాని లోపల పుస్తకం. గూగీ వా థియాంగో 'డెవిల్ ఆన్ ది క్రాస్'. హైన్‌మాన్ వాళ్ళ ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్‌లో 1982లో వచ్చిన ఇంగ్లిషు నవల. మాస్టారు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద ఏరుకున్నారు. వెన్ను రెండుచోట్ల చిట్లితే తెల్లటి ఆసుపత్రి ప్లాస్టరుతో శుభ్రంగా కట్టు కట్టి ఉంది. అక్కయ్య రైల్వే ఆసుపత్రిలో నర్సుగా రిటైరయ్యింది మరి.

అట్ట లోపల మాస్టారి శాసనం, నల్ల పెన్సిలుతో: "ఉత్తరాలు పెట్టరాదు. చెప్పదలచినది మార్జిన్‌లో పెన్సిలుతో చెప్పవలెను. ఎవరి రంగు వారిది." ఆయన పాత బుక్ పోస్టు కాలం మనిషి. అప్పట్లో ప్యాకెట్ కొసలు తెరిచే ఉంచాలి, తపాలా వాళ్ళు అడిగితే లాగి చూసుకోవాలి, లోపల ఉత్తరం ఉండకూడదు. ఉత్తరం దాస్తే సర్కారు సొమ్ము ఎగ్గొట్టినట్టని ఆయన లెక్క. మార్జిన్‌లో రాసింది ఉత్తరం కాకుండా ఎలా పోతుందన్న తర్కం జోలికి ఆయన పోలేదు. దొంగల పోటీ గురించిన నవలని ఇంత నిజాయితీగా బట్వాడా చేయడం నాకు భలే సరదాగా ఉంది.

మాస్టారి కింద ఆకుపచ్చ రంగు, భివండిది: "సార్, బుక్ పోస్టు బందయింది. పుస్తకం నా దగ్గర్నే ఆగింది." 2024 చివర్లో పాత బుక్ పోస్టు తీసేశారు. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ మొదలయ్యేదాకా మరమగ్గాల షెడ్డు పక్కన గదిలో బియ్యం డబ్బా మీద ఉందట. దాని కింద ఎరుపు: "2025 మే 28. ఈయన ఇవాళ అమెరికాలో పోయారని వార్తల్లో విన్నాను. చదవడం ఇంకా మొదలుపెట్టలేదు." అక్కయ్య తెలుగు అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా, పలక మీద దిద్దినట్టుంటాయి. అక్కడి స్కూల్లో ఆవిడ చదివింది హిందీ, ఇంగ్లిషు. తెలుగు వాళ్ళ నాన్న డ్యూటీ దిగొచ్చాక ఇంట్లో నేర్పాడు.

"కథేంటో చెప్పు. నా చేతులు ఎలాగూ ఖాళీ లేవు" అంది అత్తయ్య.

"కెన్యా కథ అత్తయ్యా. 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక జరిగేది."

"వాళ్ళు వెళ్ళాక ఇంకేం కథ?"

చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లిషు వాక్యం కళ్ళతో, తెలుగు నోటితో. వరీంగా అనే అమ్మాయి, నైరోబీలో టైపిస్టు. యజమాని కోరిక కాదంటుంది, ఉద్యోగం పోతుంది, అద్దె గది పోతుంది. ఒంటిరంగు మీద అసహ్యంతో ఏవేవో తెల్లబడే క్రీములు రుద్దుకుంటుంది. అక్కడ అక్కయ్య ఎర్ర గీత రెండు పేజీల పొడవునా సాగింది, ఒక్క మాట కూడా లేకుండా. వరీంగా ఇల్మొరోగ్ అనే సొంతూరికి పోవడానికి మటాటు ఎక్కుతుంది. అదొక డొక్కు ఫోర్డు బండి. పక్కన మాస్టారి నలుపు: "కాజీపేట చౌరస్తా సెవెన్ సీటర్." ఎవరూ ఎవరికీ ఏమీ కాని మనుషులు మోకాళ్ళు తగిలేలా కూర్చుని కథలు చెప్పుకుంటారు. వంగారి అనే పెద్దావిడ తెల్లవాళ్ళ మీద పోరాడింది. స్వాతంత్ర్యం వచ్చాక ఉన్న కాస్త భూమీ బ్యాంకు అప్పు కింద వేలంలో పోయింది. ఇప్పుడు బండి ఛార్జీ చేతిలో లేదు.

అత్తయ్య పిక్క తీయడం ఆపింది. "పోరాడిన మనిషికా?"

బండిలో అందరికీ ఒక ఆహ్వానపత్రం సంగతి తెలుస్తుంది. ఇల్మొరోగ్‌లో సైతాను విందు. ఆధునిక దోపిడీలో ఏడుగురు మేటిగాళ్ళని ఎంచే పోటీ. అమెరికా నుంచీ ఐరోపా నుంచీ జపాన్ నుంచీ పెద్ద దొంగలు న్యాయనిర్ణేతలుగా వస్తారు. ఒక్కొక్కడూ వేదికెక్కి, తన బొజ్జ సవరించుకుని, తానెలా దోచాడో గర్వంగా చెప్పుకోవాలి. అత్తయ్య అడిగినదానికి జవాబు ఇక్కడుంది. నేను చెప్పలేదు, చదువుకుంటూ పోయాను.

గిటూటు లేచాడు. తెల్లదొర పొలం బ్యాంకు అప్పుతో కొని, ముక్కలు చేసి, నేల కోసం మొహం వాచిన పేదలకే అమ్మినవాడు. వాడి కొత్త ఆలోచన: నేల మొత్తం మనలాంటివాళ్ళ చేతికొచ్చాక మట్టిని డబ్బాల్లో పోసి అమ్ముదాం, గాలిని కూడా పట్టి అమ్ముదాం. మార్జిన్‌లో నాలుగైదు రోడ్ల పేర్లున్నాయి. మాస్టారు హనుమకొండ వెంచర్లు రాశారు, అక్కయ్య మిడ్నాపూర్ దారి రాసింది. భివండి తమ్ముడు ఊరి పేరు రాయలేదు. "గాలి మాకు ఇప్పటికే అమ్ముతున్నరు. కిటికీ ఉన్న గదికి కిరాయి ఎక్కువ" అని రాశాడు.

"ఎకరాలు పోయి సెంట్లొచ్చాయి. ఇంక గిద్దెలతో కొలవడమే తరువాయి" అంది అత్తయ్య. నీలం పెన్సిలు తీసి ఆ మాట అక్కడే ఎక్కించాను.

తర్వాత కిహాహు. చిన్నపిల్లల బడి పెట్టాడు, నల్ల పంతులమ్మ, మన పాటలు. ఒక్కడూ చేరలేదు. తెలివొచ్చి ఒక తెల్ల ముసలమ్మని కుర్చీలో కూర్చోబెట్టాడు. తెల్లపిల్లలు కూడా కావాలి కదా? అంగట్లో బొమ్మలు కొని, బట్టలు తొడిగి, బెంచీల మీద కూర్చోబెట్టాడు. తల్లిదండ్రులు కిటికీలోంచి చూసి మురిసి, బారులు తీరి ఫీజులు కట్టారు.

అత్తయ్య చింతపండు చేత్తోనే నోరు మూసుకుంది. నవ్వు ఆగడం లేదు. "బొమ్మల పక్కన కూర్చోడానికి ఫీజా! మన పెద్దమ్మాయి మనవణ్ణి వేసిన స్కూల్లో అద్దాల వెనక ఉన్నది పిల్లలేనా, ఒకసారి గిల్లి చూడమను." అదీ రాశాను. పేజీ అడుగున చోటు చాలక పక్కకి తిప్పి రాశాను.

"మళ్ళీ చదువు" అంది. ఆ ఘట్టం మళ్ళీ చదివాను. మూడోసారికి "టీ పెట్టిస్తే చదువుతా" అన్నాను. ఊరికే అనలేదు. ఈ నవల గికుయు భాషలో 1980లో అచ్చయినప్పుడు కెన్యాలో జరిగింది ఇదే. చదువొచ్చిన ఒకరు చదువుతుంటే ఇంటిల్లిపాదీ సాయంత్రం చుట్టూ చేరేవారు. కార్మికులు మధ్యాహ్నం భోజనాల వేళ, ప్రయాణికులు మటాటుల్లో వినేవారు. బార్లలో అయితే బాగా చదివేవాడు మంచి రసపట్టులో పుస్తకం బోర్లించేవాడట. గ్లాసు ఖాళీ అయిందన్నమాట. ఎవరో ఒకరు నింపితేనే కథ కదిలేది. గూగీ స్వయంగా రాసుకున్న సంగతి ఇది. తొలి ముద్రణ ఐదువేలు నెలలో అయిపోతే, ఆ ఏడే మరో రెండుసార్లు అంతంత వేశారు. పదిహేనువేల కాపీలు, విన్నవాళ్ళ లెక్క ఎవరికి తెలుసు?

"ఇంత నవ్వించేవాడు ఎక్కడ కూర్చుని రాశాడు?" అంది అత్తయ్య, టీ గ్లాసు అందిస్తూ. జైల్లో. 1977లో కామిరీథు అనే ఊళ్ళో రైతులతో, కూలీలతో వాళ్ళ భాషలోనే నాటకం ఆడించాడు. ఆ డిసెంబరు చివర్లో పట్టుకెళ్ళి, విచారణ లేకుండా కామిటి జైల్లో పడేశారు. ఏ భాషలో నాటకానికి జైలు వేశారో ఆ భాషలోనే నవల రాస్తానని అక్కడే కూర్చున్నాడు. కాగితం లేదు. ఖైదీలకిచ్చే టాయిలెట్ పేపరు మీద రాశాడు. ఖైదీలని బాధపెట్టడానికే అన్నట్టు గరుగ్గా ఉండే ఆ కాగితం కలానికి మాత్రం బాగా పనికొచ్చింది. ఒక సోదాలో రాతంతా పట్టుకుపోయారు, కొన్ని వారాలకి తిరిగిచ్చారు.

అత్తయ్య పుస్తకం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తడి లేని చోట పెట్టింది.

దీన్ని వరవరరావు 1980ల్లో జైల్లో ఉండే తెలుగు చేశారు. అయినా మా మధ్య తిరుగుతున్నది ఇంగ్లిషు కాపీ, ఎందుకంటే బాగన్ దతోక్ పంతులమ్మకి మాట తెలుగే గానీ చదువు మలయ్, ఇంగ్లిషుల్లో సాగింది. మార్జిన్‌లో తెలుగు కూడబలుక్కుంటానని అక్కయ్యకి మాటిచ్చిందట. ఇంగ్లిషులో ఇక నవల రాయనన్న మనిషి పుస్తకం ఇంగ్లిషులో చేతులు మారుతోంది. ఆయనకేం అభ్యంతరం ఉంటుంది, ఇంగ్లిషు చేసిందీ ఆయనే.

పుస్తకం మనిషి దగ్గరికి నడిచి రావడం మా వైపు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. గట్టున దిగి తీసుకోవడం, మళ్ళీ పడవ వచ్చినప్పుడు తిరిగివ్వడం. ఆ పడవలో కూడా మార్జిన్ రాతలు ఉండేవా? ఉంటే ఆయన తిట్టేవారేమో. గ్రంథపాలకులు తిడతారు.

రాత్రి అందరూ పడుకున్నాక చివరి వంద పేజీలు ఒక్కదాన్నే చదివాను. కూలీల చెమటా రక్తమూ మెదడూ గొట్టాలతో పిండే కర్మాగారం కడతానంటాడు కిమీండేరి. దాని పక్కన ఆకుపచ్చ పెన్సిలు ముక్కు విరిగేంత ఒత్తి రాసింది: "పైపులెందుకు? పన్నెండు గంటల డ్యూటీ చాలు." ఇది చదివాక నేను అక్కడ ఏమీ రాయలేకపోయాను.

చివరి అధ్యాయం దగ్గర తగువు. వరీంగా మోటారు మెకానిక్ అయింది, తన కాళ్ళ మీద నిలబడింది. ముగింపులో ఆమె చేసిన పనేమిటో చెప్పను. "సరైన పని" అన్నాడు తమ్ముడు. "చేసి నడిచిపోయింది సరే, ఆ రాత్రి ఎక్కడ పడుకుంది? ఎవరు తలుపు తీశారు? మగవాళ్ళు రాస్తే అక్కడికి ఆపేస్తారు" అంది అక్కయ్య. ఆ పక్కనే మాస్టారి పాత గీత, "శిల్పరీత్యా తొందర". ముగ్గురిలో నాకు అక్కయ్య మాటే నచ్చింది. అలాగని నీలంతో రాశాను.

హెడ్ పోస్టాఫీసులో ఆధార్ కౌంటరు ముందే అసలు జనం. ఫారిన్ బుకింగ్ దగ్గర ఒక్క ముసలాయన, ఆయన వెనక నేను. కౌంటరులో అమ్మాయికి ముప్పై లోపే ఉంటాయి. అంటించకుండా తెచ్చిన ప్యాకెట్ లాగి చూసింది.

"మలేసియాకా మేడమ్? లోపల ఉత్తరాలేమన్నా ఉన్నాయాండి?"

"లేవమ్మా. పాత పుస్తకం."

పేజీలు టపటపా తిప్పింది. నలుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం. చెయ్యి ఆగింది. "మరి ఇదంతా ఏంటండి?"

"చదివినవాళ్ళు రాసుకున్నారు."

"అంటే ఉత్తరం కాదా?"

మాస్టారు ఇక్కడుంటే చమటలు పట్టేవి. నేను నోరు తెరిచేలోగా ఆ అమ్మాయి చూపు పక్కకి తిప్పి రాసిన చోట పడింది. మెడ వంచి చదివింది. గిల్లి చూడమన్న చోట ఫక్కున నవ్వింది. పక్క కౌంటరాయన తలెత్తి చూశాడు.

"ఏంటండీ ఈ బొమ్మలు?"

రెండు ముక్కల్లో చెప్పాను. నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మా పాప ఎల్‌కేజీ మేడమ్" అంది గొంతు తగ్గించి. "యూనిఫామ్, టై, బూట్లు, 'యాక్టివిటీ ఫీజు' అని ఇంకోటి. ఏం యాక్టివిటీ అంటే చెప్పరు." కస్టమ్స్ ఫారంలో 'విలువ' అన్న గడి మీద పెన్ను ఆనించి ఆగింది. వెనక అట్ట మీద ఆబిడ్స్ పేవ్‌మెంటువాడు రాసిన 60 ఇంకా చెరగలేదు. అదే చూపించాను. ఆమె రాయలేదు.

"ఇది ఇవాళే వెళ్ళాలాండి?"

"అంత తొందరేం లేదు."

"శని, ఆదివారాలు నా దగ్గరుంచి సోమవారం బుక్ చేస్తే? నా ఇంగ్లిషు అంతంతమాత్రమే, ఈ ఒక్క బడి కథ చదువుకుంటా."

మాస్టారి శాసనంలో ఐదు చిరునామాలే ఉన్నాయి. ఆరో మనిషి గురించి అందులో ఏమీ లేదు, వద్దని కూడా లేదు. పంతులమ్మకి ఆలస్యమని కబురు పెడితే సరిపోతుంది. ప్యాకెట్ కౌంటరు అద్దం కిందనుంచి లోపలికి తోశాను.

"పెన్సిలుతో నేనూ రాయొచ్చా?"

"రాయొచ్చు. ఆకుపచ్చ మాత్రం భివండిది. నలుపు, ఎరుపు, నీలం కూడా అయిపోయాయి."

"మా పాప డబ్బాలో ఊదా ఉందండి" అని ఖాళీ ఫారం నాకు తిరిగిచ్చేసింది. "సోమవారం తేదీ వేసుకుని రండి. నెక్స్ట్!"